సేవలపై పరిశోధన: ప్రశ్న పుట్టే రోజునే కంపెనీలు, అధ్యాపకులు కలిసి కూర్చోవాలంటే?

సేవాశోధన (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను మేనేజ్‌మెంట్ విభాగంలో పాఠాలు చెబుతాను, పరిశోధన చేయిస్తాను. నా విషయం సేవలు. బ్యాంకు, ఆసుపత్రి, విమానం, ఫోన్ సహాయ కేంద్రం, ఇలా వస్తువు చేతికివ్వకుండా పని చేసిపెట్టే చోట ఏది ఎందుకు బాగా జరుగుతుంది, ఎందుకు చెడుతుంది అన్నది తెలుసుకోవడం. వచ్చే ఏడాది మా విభాగం ఏ ప్రశ్నల మీద పనిచేయాలో కంపెనీలతో కలిసి తేల్చే బాధ్యత ఇప్పుడు నా మీద పడింది.

ఇంతకుముందు రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి ఒక కంపెనీ డేటా ఇచ్చింది. మేం 14 నెలలు కష్టపడ్డాం. ఫలితాలు పట్టుకుని వెళ్తే, మేం చదివిన ఆ సేవను వాళ్లు ఎనిమిది నెలల క్రితమే ఆపేశారని తెలిసింది. మాకు చెప్పాలని వాళ్లకు తోచలేదు, మధ్యలో అడగాలని మాకూ తోచలేదు. రెండోసారి రోజంతా సమావేశం పెట్టాం. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లు పదకొండు మంది వచ్చారు. సాయంత్రానికి గోడ మీద "డిజిటల్ మార్పు", "కస్టమర్ అనుభవం" లాంటి మాటలు రాసిన కాగితాలు మిగిలాయి. వాటిలో పరిశోధనకు పనికొచ్చే ప్రశ్న ఒక్కటీ లేదు.

పెద్ద ఎత్తున ఇలాంటివి జరగలేదని కాదు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలోని సేవల అధ్యయన కేంద్రం 1985 నుంచీ కంపెనీలతో కలిసి నడుస్తోంది. అక్కడివాళ్లు ముందుండి, అనేక దేశాల అధ్యాపకులనూ కంపెనీలు నడిపేవాళ్లనూ అడిగి, సేవల పరిశోధనకు పది ప్రాధాన్యాలను 2010లో ప్రకటించారు. 2015లో ఆ జాబితాను తిరగరాసి పన్నెండు చేశారు. నేను రెండూ నా విద్యార్థుల చేత చదివిస్తాను. కానీ "సేవల్లో కొత్తదనాన్ని ప్రోత్సహించడం" అన్న ప్రాధాన్యానికీ, సోమవారం ఉదయం ఒక మేనేజర్ బల్ల మీదున్న సమస్యకూ మధ్య ఎంతో దూరం ఉంది. ఆ దూరాన్ని దాటించడం ఎలా? చేసి చూసినవాళ్లు ఉంటే చెప్పండి.

పదేళ్లకాల్‌సెంటర్

నేను మీ అవతలి పక్షం మనిషిని. పదేళ్లుగా ఫోన్ సహాయ కేంద్రాలు నడుపుతున్నాను. మీరు అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

యూనివర్సిటీ నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లు చేతిలో ప్రశ్నావళితో వస్తారు. ఏం కొలవాలో ముందే తేలిపోయి ఉంటుంది. మా నుంచి కావలసింది ఫోన్ నంబర్ల జాబితా, ఒక అనుమతి ఉత్తరం. అంతకుమించి మమ్మల్ని ఏమీ అడగరు.

నాకేమో ఏళ్ల తరబడి ఒకటే ప్రశ్న. ఒక్కో కాల్‌కు పట్టే సగటు సమయం తగ్గించమని పైనుంచి ఒత్తిడి. తగ్గిస్తాం. వారం తిరక్కుండా అదే కస్టమర్ మళ్లీ ఫోన్ చేస్తాడు. లెక్క కోసం అంకెలు ఊహించుకుందాం. వంద మంది సమస్యలు, ఒక్కో కాల్ 5 నిమిషాలు. వాళ్లలో 30 మంది రెండోసారి చేశారు. మొత్తం 650 నిమిషాలు. అదే ఒక్కో కాల్‌కు 6 నిమిషాలు ఇచ్చి, మళ్లీ చేసేవాళ్లు 5 మందికి తగ్గితే 630 నిమిషాలు. నా నివేదికలో మాత్రం మొదటి పద్ధతే గొప్పగా కనిపిస్తుంది, ఎందుకంటే తిరిగి వచ్చిన కాల్‌ను మా సిస్టమ్ కొత్త కాల్‌గా లెక్కేస్తుంది.

ఎక్కడి దాకా సమయం పెంచితే లాభం, ఏ రకం సమస్యకు పెంచాలి, ఏ రకానికి పెంచినా వృథా? ఇది తేల్చే ఓపికా చదువూ నా దగ్గర లేవు. మీ దగ్గర ఉన్నాయి. ఇంతవరకూ నన్నెవరూ "మీకు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఏది?" అని అడగలేదు.

క్యూలెక్కలు

పై ఇద్దరి మాటా చదివాక ఎర్లాంగ్ గుర్తొచ్చాడు. నేను గణితం వైపు నుంచి వచ్చినవాడిని. మా రంగంలో ఎంతో విలువైన పని ఒక కంపెనీ లోపలే మొదలైంది కాబట్టి ఆ కథ ఇక్కడ చెప్పాలి.

అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ డెన్మార్క్‌లో బడిపంతులు. అక్కడి గణిత సంఘం సమావేశాలకు వెళ్తుండేవాడు. ఆ సమావేశాలకే యోహాన్ యెన్సెన్ అనే ఆయనా వచ్చేవాడు. గణితం చదివినవాళ్లందరికీ తెలిసిన యెన్సెన్ అసమానత ఆయనదే. కానీ ఆయన ఉద్యోగం కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో, ఇంజనీర్ల మీద పెద్దగా. ఆ పరిచయంతోనే 1908లో ఎర్లాంగ్ కంపెనీలో చేరాడు. అప్పటికి వాళ్ల బాధ ఒకటే: ఎన్ని లైన్లు వేయాలి, ఎంతమంది ఆపరేటర్లను కూర్చోబెట్టాలి? ఎక్కువైతే డబ్బు దండగ, తక్కువైతే ఫోన్ చేసినవాడు అలా పట్టుకుని ఉండాలి. 1909లో కాల్స్ రాక ఏ పద్ధతిలో ఉంటుందో రాశాడు. 1917లో ఇచ్చిన సూత్రాలతో ఈనాటికీ కాల్ సెంటర్లలో సిబ్బంది లెక్క వేస్తున్నారు. మొదట్లో ఆయనకు సహాయకులు లేరు. నిచ్చెన మోసే ఒక పనివాడిని వెంటబెట్టుకుని వీధుల్లో మ్యాన్‌హోళ్లలోకి తానే దిగి విద్యుత్ కొలతలు తీసుకునేవాడు.

ఆ నిచ్చెన సంగతే నాకు ముఖ్యం. ప్రశ్న ఆయన దగ్గరికి కాగితం మీద రాలేదు, ఆయనే ప్రశ్న ఉన్న చోటికి వెళ్లాడు.

కాల్‌సెంటర్ గారికి ఇంకో మాట. సిబ్బందికి కాస్త ఖాళీ ఉంటే మీ పైవాళ్లకు అది వృథాగా కనిపిస్తుంది కదా. ఒకే కౌంటర్ ఉందనుకోండి. జనం ఎప్పుడొస్తారో చెప్పలేం, ఒక్కొక్కరి పనికి పట్టే సమయమూ ఎగుడుదిగుడే. కౌంటర్ మనిషి 80 శాతం సమయం పనిలో ఉంటే, వచ్చినవారు క్యూలో సగటున నాలుగు పనులకు పట్టేంత సేపు ఆగాలి. 90 శాతమైతే తొమ్మిది. 95 శాతమైతే పంతొమ్మిది. ఖాళీని సగానికి సగం కోసినప్పుడల్లా నిరీక్షణ రెట్టింపు దాటుతుంది. ఒకే క్యూను చాలా కౌంటర్లు పంచుకుంటే ఇంత తీవ్రంగా ఉండదు గానీ పెరిగే తీరు మాత్రం అదే. మా క్లాసులో రెండో వారం పాఠం ఇది. పనిచేసే చోటికి ఎందుకు చేరలేదన్నది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

మూడోఏడు

పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నాను. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో వస్తున్నందుకు మన్నించండి.

నిచ్చెన పట్టుకుని దిగాలని మాకూ ఉంటుంది. కానీ మా చేతిలో ఉన్నది మూడు నాలుగేళ్లు. నా పరిశోధనకు ఒక సంస్థ డేటా ఇస్తానంది. గోప్యతా ఒప్పందం మీద సంతకాలకే ఏడు నెలలు పట్టింది. సంతకాలు అయ్యాక మాకు మాటిచ్చిన మేనేజర్ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. ఆమె స్థానంలోకి వచ్చిన ఆయనకు మేమెవరో తెలియదు. చివరికి ఇంటర్నెట్‌లో జనానికి ఊహా సన్నివేశాలు చదివించి, "మీరైతే ఎంత అసంతృప్తి చెందుతారు?" అని అడిగి థీసిస్ నడుపుతున్నాను. అది తప్పు పద్ధతి కాదు. కానీ నేను చేద్దామనుకున్నది అది కాదు.

ఇంకొకటి. కంపెనీకి ఉపయోగపడే పని చేస్తే మాకు దక్కే గుర్తింపు ఏమిటి? బ్రిటన్‌లో యూనివర్సిటీల పరిశోధనకు మార్కులు వేసేటప్పుడు, ఆ పని వల్ల బయటి లోకంలో ఏం మారిందన్న దానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం కేటాయించారు. అలాంటిది ఉంటే గైడ్లు కూడా "వెళ్లు, చూసిరా" అంటారేమో. లేని చోట పత్రం ప్రచురణ అయిందా లేదా అన్నదొక్కటే మాట.

నిలకడ

అందరూ ఒకే దిక్కున వెళ్తున్నారు కాబట్టి నేను కాస్త అడ్డం పడతాను. నా అనుమానాలు నిజమైనవే, వాదన కోసం అంటున్నవి కావు.

ఐబీఎం సంగతి తీసుకోండి. 2002లో పెద్ద కన్సల్టింగ్ సంస్థను కొనుక్కుంది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆదాయంలో సగం దాకా సేవల నుంచే. 2004 ప్రాంతంలో అల్మడెన్‌లోని వాళ్ల పరిశోధన కేంద్రం నుంచి "సేవల విజ్ఞానశాస్త్రం" అనే మాట యూనివర్సిటీల్లోకి వచ్చింది. కోర్సులు పుట్టాయి. 2007లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీతో కలిసి సమావేశం పెట్టి, తర్వాత ఒక పత్రం కూడా తెచ్చారు. దానివల్ల ఇంజనీర్లు, మార్కెటింగ్‌వాళ్లు, కంప్యూటర్‌వాళ్లు ఒకచోట చేరారు. అది మంచిదే, కాదనను. కానీ ఒక శాస్త్రానికి ఏది ముఖ్యమో చెప్పే గొంతు, ఆ శాస్త్రం వల్ల లాభపడే గొంతు ఒకటే అయినప్పుడు ఏ ప్రశ్నలు బల్ల మీదికి రావు?

ఒక ఉదాహరణ. చందా సేవల్లో చేరడానికి ఒక నొక్కు చాలు. మానుకోవాలంటే ఎన్నో పేజీలు దాటాలి, కొన్నిచోట్ల ఫోన్ చేసి బతిమాలాలి. ఆ అడ్డంకులు మనిషి మీద ఎంత భారం వేస్తాయో, వయసు మీరినవాళ్లకు ఎంత ఖర్చు తెస్తాయో కొలవమని ఏ కంపెనీ డబ్బిస్తుంది? "కలిసి ప్రశ్న తయారుచేద్దాం" అంటే ఇలాంటివి మొదటి వడపోతలోనే జారిపోతాయి.

కొలమానం

నిలకడ గారి భయంలో నిజం ఉంది. కానీ కలిసి చేసిన పని లొంగిపోయిన పనే అవ్వాలని లేదు. కొలతల విషయంలో మంచీ చెడూ రెండూ చూశాం.

మంచి వైపు, సేవ నాణ్యత కొలిచే సర్వ్‌క్వాల్. పరశురామన్, జైథామల్, బెర్రీ ముగ్గురూ 1985లో తెచ్చిన పత్రం గదిలో కూర్చుని అల్లింది కాదు. రిటైల్ బ్యాంకింగ్, క్రెడిట్ కార్డు, షేర్ల బ్రోకరేజీ, రిపేరు సేవలు, ఈ నాలుగు రకాల కంపెనీల్లో పైస్థాయివాళ్లను కూర్చోబెట్టి అడిగారు. కస్టమర్లతో పన్నెండు బృంద చర్చలు నడిపారు. అప్పుడు తేలిందేమిటంటే, కస్టమర్ ఆశించేది ఒకటి, కస్టమర్ ఆశిస్తున్నాడని మేనేజర్ అనుకునేది వేరొకటి. ఈ రెంటి మధ్య ఖాళీ వాళ్ల నమూనాలో మొట్టమొదటి ఖాళీ. కంపెనీ గడప దాటకపోతే అది కనపడేది కాదు, కంపెనీ చెప్పింది మాత్రమే వింటే అసలు కనపడేది కాదు. 1988లో దాన్ని 22 అంశాల కొలతగా మార్చారు. అంచనాకు ఒకసారి, అనుభవానికి ఒకసారి, మొత్తం 44 సార్లు కస్టమర్ జవాబివ్వాలి. 1992లో క్రోనిన్, టేలర్ వచ్చి అంచనాల భాగం వద్దు, అనుభవం అడిగితే చాలని వాదించారు. ఆ వాదం ఇంకా చల్లారలేదు.

ఇంత పొడుగు ప్రశ్నావళి నింపే తీరిక ఏ కస్టమర్‌కుంది? ఆ అసహనంలోంచే రెండో కథ. 2003లో కన్సల్టింగ్ రంగం నుంచి ఫ్రెడ్ రైక్‌హెల్డ్ ఒక్క ప్రశ్న చాలన్నారు: "మమ్మల్ని మీ స్నేహితులకు ఎంతవరకు సిఫారసు చేస్తారు?" సున్నా నుంచి పది. తొమ్మిది, పది ఇచ్చినవాళ్ల శాతంలోంచి ఆరు, అంతకంటే తక్కువ ఇచ్చినవాళ్ల శాతం తీసేస్తే వచ్చేదే ఎన్‌పీఎస్ (నెట్ ప్రమోటర్ స్కోర్). కంపెనీ వృద్ధిని అంచనా కట్టడానికి ఇంతకంటే మెరుగైనది లేదన్నట్టు అది ప్రపంచమంతా పాకింది. 2007లో కైనింగ్‌హామ్, ఆయన సహచరులు నార్వే కంపెనీల డేటాతో పరీక్షిస్తే ఆ ఆధిక్యం నిలబడలేదు. అప్పటికే ఎందరి జీతాలో, బోనస్‌లో ఆ అంకెకు ముడిపడిపోయాయి.

నాకు ఇందులో కనిపించేది ఇదీ: మేనేజర్ అవసరం న్యాయమైనది. చిన్నగా, వెంటనే, ప్రతి వారం చూసుకునేలా ఒక కొలత కావాలి. మేం దాన్ని తయారుచేసి ఇవ్వలేదు. ఆ ఖాళీలోకి ఇంకొకరు వచ్చారు. పరీక్ష ముందు, ప్రచారం తర్వాత జరగాల్సింది తలకిందులైంది.

పదేళ్లకాల్‌సెంటర్

కొలమానం గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా దగ్గర ఏజెంట్లు కాల్ చివర్లో "తొమ్మిదో పదో ఇవ్వండి సార్, ఎనిమిదిస్తే నాకు లెక్కలోకి రాదు" అని అడుగుతారు. నేను వాళ్లను తప్పుపట్టలేను. ఇల్లు గడవాలి కదా. కొలత మీద జీతం ఆధారపడిన రోజున ఆ కొలత కస్టమర్ గురించి చెప్పడం మానేసి, ఏజెంట్ భయం గురించి చెప్పడం మొదలుపెడుతుంది. దీని మీద పరిశోధన చేస్తానంటే మా తలుపులు తెరిపించే పూచీ నాది.

నైట్‌షిఫ్ట్‌నర్సు

ఇక్కడ రాయొచ్చో లేదో తెలియలేదు. మూడు రోజులుగా చదువుతూ ఆగాను. నేను పరిశోధకురాలినీ కాదు, మేనేజర్‌నూ కాదు. ఆసుపత్రి వార్డులో పనిచేస్తాను.

నేను ఇంతకుముందు పనిచేసిన చోట సేవల నాణ్యత మీద ఒక అధ్యయనం జరిగింది. డిశ్చార్జి అయ్యే రోగులకు ఫారాలు ఇచ్చారు. అందులో "నర్సులు వెంటనే స్పందించారా" అన్న దానికి మా వార్డుకు తక్కువ మార్కులు వచ్చాయి. పైవాళ్లు, అధ్యయనం చేసినవాళ్లు కలిసి మాట్లాడుకుని, మాకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. నవ్వుతూ ఎలా మాట్లాడాలో చెప్పారు.

జరిగేది ఏమిటంటే, ఉదయం తొమ్మిదింటికి డాక్టర్ గారు రౌండ్‌కు వచ్చి "మీరు ఇంటికి వెళ్లొచ్చు" అంటారు. రోగి బట్టలు సర్దుకుంటాడు. కానీ ఫార్మసీ నుంచి మిగిలిన మందుల లెక్క రావాలి, ల్యాబ్ బిల్లు రావాలి, డిశ్చార్జి సమ్మరీ టైప్ అవ్వాలి, దాని మీద సంతకం కావాలి. ఇవన్నీ నాలుగు చోట్ల, నాలుగు క్యూలు. సాయంత్రం నాలుగవుతుంది. ఆ ఏడు గంటలూ రోగికి కనిపించే మనిషిని నేను. "ఇంకా ఎంతసేపమ్మా" అని పదిసార్లు అడుగుతారు, నా దగ్గర జవాబుండదు. ఆ తర్వాత ఫారం చేతికిస్తారు.

మమ్మల్ని ఒక్క మాట అడిగుంటే చెప్పేవాళ్లం. మీరు "అధ్యాపకులు, కంపెనీలు" అంటున్నారు. కంపెనీ అంటే ఎవరు? ఆ బల్ల దగ్గర మాకు కుర్చీ ఉందా? ఉంటే, మేం చెప్పింది ఎవరు చెప్పారో పైవాళ్లకు తెలియకుండా ఉంటుందా?

సేవాశోధన

నర్సు గారూ, మీరు ఆగకుండా రాయాల్సింది. చదివాక చాలాసేపు మరో పని చేయలేకపోయాను. మా పదకొండు మంది సమావేశంలో ఏం లోపించిందో ఇప్పుడు తెలిసింది. 2010 జాబితా కసరత్తులో కూడా పరిశ్రమ తరఫున పిలుపు వెళ్లింది సంస్థలను నడిపేవాళ్లకే.

మీరు చెప్పినదానికి మా సాహిత్యంలో బలమైన సాక్ష్యం ఉంది, అది నేనే క్లాసులో చెబుతుంటాను, అయినా సమావేశం పెట్టేటప్పుడు గుర్తురాలేదు. 1990లో బిట్నర్, ఆమె సహచరులు విమానాలు, హోటళ్లు, రెస్టారెంట్ల కస్టమర్ల నుంచి బాగా నచ్చిన, బాగా బాధపెట్టిన 699 సంఘటనలు సేకరించారు. అవి మూడు గుంపులుగా విడిపోయాయి: సేవ విఫలమైనప్పుడు సిబ్బంది ఎలా స్పందించారు, కస్టమర్ ప్రత్యేకంగా ఏదైనా అడిగితే ఎలా స్పందించారు, ఎవరూ అడక్కుండా సిబ్బంది తమంతట తామే చేసినవి. నాలుగేళ్ల తర్వాత అదే పద్ధతిలో సిబ్బందిని అడిగి 774 సంఘటనలు తెచ్చారు. అప్పుడు నాలుగో గుంపు బయటపడింది: కస్టమరే దురుసుగా ప్రవర్తించినవి, ఏం చేసినా ఆపలేనివి. కస్టమర్లను ఎన్ని వేలమందిని అడిగినా ఈ గుంపు దొరికేది కాదు. ఎవరిని అడిగామన్నదే ఏం దొరుకుతుందో నిర్ణయించింది.

మీ డిశ్చార్జి కథ వింటుంటే లిన్ షోస్టాక్ గుర్తొచ్చారు. ఆమె ప్రొఫెసర్ కాదు, 1977 నాటికి సిటీబ్యాంక్‌లో వైస్ ప్రెసిడెంట్. సేవలకు వస్తువుల మార్కెటింగ్ సూత్రాలు అతకవని ఆ ఏడాది ఆమె రాసిన వ్యాసం మా రంగాన్నే కదిలించింది. 1984లో సేవకు నక్షా గీసే పద్ధతి చెప్పారు. అందులో ఒక గీత ఉంటుంది: దానికి ఇవతల కస్టమర్‌కు కనిపించేది, అవతల కనిపించనిది. మీ ఫార్మసీ, ల్యాబ్, సంతకం అన్నీ గీత అవతల. ఇవతల నిలబడ్డది మీరొక్కరే. మార్కులు పడింది మీకు.

పేరు బయటపడకుండా ఉండడం గురించి మీరు అడిగింది మర్యాదకు సంబంధించిన విషయం కాదు, పద్ధతికి సంబంధించినది. దీని మీద తెలిసినవాళ్లు చెప్పాలి.

ఒప్పందపత్రం

నా పని ఇదే. యూనివర్సిటీ తరఫున కంపెనీలతో పరిశోధన ఒప్పందాలు రాస్తాను. ఈ చర్చలో వచ్చిన సమస్యల్లో సగం మొదటి కాగితం మీదే తీర్చుకోవచ్చు, కానీ అందరూ ఆ కాగితాన్ని చివర్లో తలచుకుంటారు.

ప్రచురణ హక్కు. ఫలితం కంపెనీకి నచ్చినా నచ్చకపోయినా ప్రచురించే హక్కు పరిశోధకులదే అని రాయించుకోండి. వ్యాపార రహస్యాలేమైనా దొర్లాయేమో చూసుకోవడానికి కంపెనీకి కొంత గడువు ఇవ్వడం మామూలే, సాధారణంగా 30 నుంచి 60 రోజులు. ఆ గడువు చూసుకోవడానికే, ఆపడానికి కాదు. ఈ తేడా స్పష్టంగా రాయాలి. "కంపెనీ సమ్మతితో" అన్న రెండు మాటలు దూరితే మొత్తం పోయినట్టే.

నర్సు గారి ప్రశ్నకు: సిబ్బందితో జరిపిన సంభాషణల రికార్డింగులు, రాతప్రతులు కంపెనీకి ఇవ్వబోమని ఒప్పందంలోనే ఉండాలి. వాళ్లకు చేరేది కలగలిపిన ఫలితం మాత్రమే. వార్డులో ఆరుగురే ఉంటే పేరు తీసేసినా మనిషి తెలిసిపోతుంది, కాబట్టి చిన్న బృందాలను కలిపి చూపాలి. ఎవరు పాల్గొన్నారో, ఎవరు కాదన్నారో కూడా మేనేజర్‌కు తెలియకూడదు. పరిశోధన నైతిక సంఘం అనుమతికి వెళ్లేటప్పుడు ఇది ఎలాగూ అడుగుతారు. కంపెనీకి మాత్రం ముందే చెప్పాలి, తర్వాత చెబితే మోసం చేశారనుకుంటారు.

మూడోఏడు గారికి: కంపెనీ వైపు ఒక్కరి పేరు రాయకండి, ఇద్దరివి రాయించండి, వేర్వేరు విభాగాల నుంచి. మనుషులు మారుతూనే ఉంటారు.

నిలకడ

ఇది చదివాక కొంత మెత్తబడ్డాను, పూర్తిగా కాదు. ఒప్పందం ఫలితాన్ని కాపాడుతుంది. కానీ అడగని ప్రశ్నను ఏ ఒప్పందమూ కాపాడదు. నా సూచన ఒక్కటే. కలిసి తయారుచేసే ప్రశ్నలతోపాటు, ఏ కంపెనీ సొమ్మూ తగలని ప్రశ్న కనీసం ఒకటి పెట్టుకోండి. అది సేవ అందుకునేవాళ్ల నుంచి రావాలి. దానికి డబ్బు తక్కువే ఉండొచ్చు. ఉండాలి మాత్రం.

క్యూలెక్కలు

వేగం సంగతి ఎవరూ తీసుకోలేదు. సేవాశోధన గారి మొదటి ప్రాజెక్టు చచ్చిపోయింది దానివల్లే. రెండు గడియారాలు వేర్వేరుగా నడుస్తాయని ముందే ఒప్పుకుంటే మేలు. మేం ఒకచోట ఇలా చేశాం. ఆరు వారాలకొకసారి రెండు పేజీల నోట్, "ఇప్పటికి ఇంత తెలిసింది, ఇంత తెలియలేదు, ఈ మేరకు అయితే మార్చుకోవచ్చు" అని. మేనేజర్ దాన్ని బట్టి ఏదైనా మార్చితే ఏ తేదీన, ఏ బృందంలో మార్చారో మాకు చెప్పాలి. అలా చెప్పడం వల్ల ఆ మార్పే మాకు ప్రయోగమైంది. సగం బృందాల్లో ముందు, మిగతా సగంలో తర్వాత మార్చమని అడిగితే ఒప్పుకున్నారు, వాళ్లకు అదనంగా ఖర్చేమీ లేదు కదా. పత్రం రాయడానికి రెండేళ్లు పట్టినా ఎవరికీ బాధ లేకపోయింది, ఎందుకంటే వాళ్లు దానికోసం కాచుకుని లేరు.

మూడోఏడు

సగం ముందు, సగం తర్వాత! ఇది మా గైడ్ గారికి చూపిస్తున్నాను. ఊహా సన్నివేశాల బదులు ఇది దొరికితే నా థీసిస్ రూపమే మారిపోతుంది.

సేవాశోధన

అయిదు వారాల తర్వాత మళ్లీ వస్తున్నాను.

సమావేశం పెట్టలేదు. బదులుగా ఒక సంస్థను అడిగి, నేనూ ఇద్దరు విద్యార్థులూ వాళ్ల సహాయ కేంద్రంలో రెండు వారాలు షిఫ్టుల్లో కూర్చున్నాం. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడం తప్ప మరేం చేయలేదు. వెళ్లేటప్పుడు మా చేతిలో ఉన్న ప్రశ్న ఇది: "చాట్ ద్వారా సహాయం పొందిన కస్టమర్లు ఎంత సంతృప్తిగా ఉన్నారు?" దాన్ని వాళ్లూ ఒప్పుకున్నారు, మేమూ ఒప్పుకున్నాం.

నాలుగో రోజు రాత్రి ఒక కస్టమర్ తన సమస్యను చాట్‌లో ఒకసారి, ఫోన్‌లో ఒకసారి, పై విభాగానికి బదిలీ అయ్యాక ఇంకోసారి చెప్పారు. మూడోసారి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయింది. విన్న ఏజెంట్ ఫోన్ పెట్టేశాక నాతో, "నాకు ముందున్న నోట్ కనిపిస్తుంది మేడం, కానీ అందులో 'కస్టమర్‌కు వివరించాం' అని మాత్రమే ఉంటుంది. రాయడానికి మాకిచ్చేది 30 సెకన్లు" అంది. ఇంకా చాలామంది ఇదే మాట చెప్పారు.

ఇప్పుడు మా ప్రశ్న ఇది: ఒకసారి చెప్పుకున్న కస్టమర్ మళ్లీ మొదటినుంచీ ఎందుకు చెప్పుకోవాల్సి వస్తోంది, కాల్ తర్వాత రాసే సమయం పెంచితే మొత్తం మీద ఎంత సమయం మిగులుతుంది? కాల్‌సెంటర్ గారి 650, 630 లెక్కకు దగ్గరి చుట్టం. క్యూలెక్కలు గారు చెప్పినట్టు సగం బృందాల్లో రాసే సమయాన్ని ముందు పెంచడానికి మేనేజర్ ఒప్పుకున్నారు. ఏ సగం అన్నది చీటీలు తీసి తేలుస్తాం. రికార్డింగుల నిబంధన మీద మాత్రం వాళ్ల న్యాయ విభాగం ఇంకా సంతకం పెట్టలేదు. అది లేకుండా ఏజెంట్ల ఇంటర్వ్యూలు మొదలుపెట్టం అని చెప్పేశాం. ఆలస్యమైనా సరే.

నిలకడ గారూ, చందా మానుకోవడం మీద ప్రశ్నను విభాగం సొంత నిధుల్లో పెట్టాం. మొత్తంలో అది చిన్న భాగం. మీకు సరిపోదని తెలుసు.

నర్సు గారూ, మా రెండో ప్రాజెక్టు ఆసుపత్రి డిశ్చార్జి మీద. నక్షా గీసే మొదటి రోజు గదిలో మేనేజర్లు ఉండరు, వార్డు, ఫార్మసీ, బిల్లింగ్ సిబ్బంది మాత్రమే ఉంటారు. ఏం అడగాలో అడిగే ముందు ఒకసారి మీతో మాట్లాడాలని ఉంది.

నైట్‌షిఫ్ట్‌నర్సు

తప్పకుండా అమ్మా. ఒక్క మాట ఇప్పుడే చెబుతాను. ఉదయం పూట పెట్టకండి, రౌండ్ల సమయం, ఎవరూ రాలేరు. మధ్యాహ్నం షిఫ్ట్ మారే ముందు అరగంట అయితే అందరం దొరుకుతాం. అలాగే సమ్మరీలు టైప్ చేసే అబ్బాయిని పిలవడం మర్చిపోకండి. అతన్ని ఎవరూ పిలవరు. ఆలస్యం ఎక్కడ మొదలవుతుందో అతనికి తెలుసు.